వంతెన ఎక్కలేని బండి, బలం తగ్గిన మాగ్నెట్

గోదావరి డెల్టాలో ఎత్తు ఎక్కడమంటే ఏటిగట్టు ఎక్కాలి, లేదా వంతెన ఎక్కాలి. మిగతాదంతా చదును నేల. అందుకే ఎలక్ట్రిక్ స్కూటర్ మోటార్‌కి పట్టిన జబ్బు ఊళ్లో తిరిగినన్నాళ్లూ బయటపడదు. దిండి వైపు నుంచి చించినాడ వంతెన ఎక్కేటప్పుడు బయటపడుతుంది. ఇద్దరు కూర్చున్న బండి సగం ఎత్తులో నీరసించిపోతుంది, చక్రం మధ్యలో ఉన్న మోటార్ చెయ్యి పెట్టలేనంత కాలిపోతుంది. అదే బండిని స్టాండు వేసి యాక్సిలరేటర్ తిప్పితే మాత్రం చక్రం కొత్తలో కంటే జోరుగా తిరుగుతుంది. ఈ రెండూ చూసిన మెకానిక్ "మాగ్నెట్ డౌనైపోయిందండి, చార్జింగ్ పెట్టించాలి" అంటాడు.

జబ్బు ఏమిటో అతను సరిగ్గానే పట్టుకున్నాడు. మందు పేరు మాత్రం తప్పు. బ్యాటరీలో చార్జింగ్ అయిపోయినట్టు మాగ్నెట్‌లో బలం వాడకం వల్ల అయిపోదు. ఈ మోటార్లలో ఉండేది నియోడిమియం అనే లోహం కలిసిన మాగ్నెట్. ఇనుప దిమ్మెను పదేళ్లు పట్టుకుని వేలాడినా అది అలిసిపోదు. దాని బలం తగ్గిందంటే లోపలి అమరికను ఏదో చెదరగొట్టిందన్నమాట. అమరికను మళ్లీ సరిచేయవచ్చు, ఒక్కోసారి పూర్తిగా కొత్తదానిలా కూడా చేయవచ్చు. కానీ చెదరగొట్టింది ఏమిటో తెలుసుకోకుండా ఆ పని చేయిస్తే డబ్బు దండగ.

మాగ్నెట్ లోపల ఏం జరుగుతుందో వరిచేను చూసినవాళ్లకి సులువుగా చెప్పవచ్చు. పైరగాలికి చేను ఒకవైపు వాలుతుంది, గాలి ఆగగానే మళ్లీ లేస్తుంది. మెత్తని ఇనుము అలాంటిది. మాగ్నెట్ దగ్గర పెట్టినంతసేపు తానూ మాగ్నెట్టే, తీసేస్తే ఉత్త ఇనుమే. తుపానుకి పడిపోయిన చేను వేరు. గాలి ఎటు కొట్టిందో అటే పడుకుని, తుపాను దాటిపోయాక కూడా అలాగే ఉంటుంది. నియోడిమియం మాగ్నెట్ ఈ రెండో రకం. లోపలి రేణువులన్నీ, ఒక్కొక్కటీ ఒక చిన్న మాగ్నెట్టే, ఒకే దిక్కుకి వాలి అక్కడే బిగుసుకుపోయి ఉంటాయి. ఆ వాలు మార్చాలంటే మళ్లీ అంతటి తుపానే రావాలి. ఈ బిగువునే ఇంజనీర్లు కోయెర్సివిటీ అంటారు. మన మాటలో పట్టు అనుకుందాం.

ఈ పట్టు కోసమే సమేరియం, నియోడిమియం లాంటి అరుదైన మృత్తిక లోహాలు కావలసివచ్చాయి. 1960ల్లో సమేరియం, కోబాల్ట్ కలిపిన మాగ్నెట్లు వచ్చాయి. అవి గట్టివే, కానీ ఖరీదు ఎక్కువ. 1983లో జపాన్‌లో మసాతో సగావా, అమెరికాలో జనరల్ మోటార్స్‌లో పనిచేసిన జాన్ క్రోట్, ఎవరి దారిన వాళ్లు నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిపిన మాగ్నెట్‌ని బయటపెట్టారు. రెండు నియోడిమియం పరమాణువులకు పద్నాలుగు ఇనుము, ఒక బోరాన్. అంటే అందులో ఎక్కువ భాగం మామూలు ఇనుమే. ఆ ఇనుము దిక్కు మారకుండా పట్టి ఉంచేది నియోడిమియం.

పోయిన బలం తిరిగొస్తుందా అన్న ప్రశ్నకి జవాబు దీన్ని తయారుచేసే పద్ధతిలోనే ఉంది. లోహాన్ని కొన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొడిగా చేస్తారు. పొడిని బలమైన అయస్కాంత క్షేత్రంలో పెట్టి నొక్కుతారు. అప్పుడు స్ఫటికాలన్నీ ఒకే దిక్కుకి తిరుగుతాయి. ఆ ముద్దని 1000 డిగ్రీలు దాటిన వేడిలో కాలుస్తారు. నియోడిమియం మాగ్నెట్ 310 డిగ్రీల చుట్టుపక్కల తన గుణాన్ని పూర్తిగా కోల్పోతుంది. దాన్ని క్యూరీ ఉష్ణోగ్రత అంటారు. కాబట్టి కొలిమిలోంచి బయటికొచ్చిన ప్రతి మాగ్నెట్టూ ఏ బలమూ లేని బిళ్లే. కోసి, సాన పట్టి, పైన పూత వేసి, అన్నీ అయ్యాక చివర్లో ఒక్క దెబ్బ క్షేత్రం కొడితే దానికి ప్రాణం వస్తుంది. చాలా ఫ్యాక్టరీల్లో బలం లేని బిళ్లలనే మోటార్‌లో అతికించి, బిగింపంతా అయ్యాకే ఆ దెబ్బ కొడతారు. బలం ఉన్న ముక్కలు ఒకదానికొకటి ఎగిరి అతుక్కుని పగిలిపోతుంటాయి కాబట్టి అలా చేయడమే వాళ్లకి తేలిక.

అంటే బలం పోయిన మాగ్నెట్, ఫ్యాక్టరీలో ఆ చివరి దెబ్బకి ముందున్న స్థితికి వెళ్లిందన్నమాట. స్ఫటికాల వరస చెడకుండా ఉంటే అదే దెబ్బ, అదే దిక్కుగా మళ్లీ కొడితే మొదటి బలం మొత్తం తిరిగొస్తుంది. అదే దిక్కుగా అన్నది ముఖ్యం. స్ఫటికాలు మందం దిశలో వరసకట్టిన బిళ్లని అడ్డంగా మాగ్నెట్ చేయాలని చూస్తే ఫలితం ఉండదు.

ఇక చెదరగొట్టేవాటి సంగతి. మొదటిది వేడి. మామూలుగా దొరికే రకం, పేరు చివర ఏ అక్షరమూ లేనిది, 80 డిగ్రీల దాకా పనికొస్తుందని అమ్ముతారు. ఎం అని ఉంటే 100, హెచ్ అని ఉంటే 120, ఎస్‌హెచ్ అని ఉంటే 150. ఈ అంకెలు చూసి 80 దాటితే మాగ్నెట్ పోయినట్టే అనుకోకూడదు, 79 దగ్గర నిశ్చింతగా ఉన్నట్టూ కాదు. వేడి రెండు రకాలుగా పనిచేస్తుంది. ఒక్కో డిగ్రీకి బలం 0.11 నుంచి 0.12 శాతం తగ్గుతుంది. ఇది చల్లారగానే తిరిగొచ్చేస్తుంది. అసలు ప్రమాదం పట్టు తగ్గడంలో ఉంది. అది డిగ్రీకి 0.6 శాతం దాకా పడిపోతుంది. అయస్కాంత క్షేత్రం తీవ్రతని టెస్లాల్లో కొలుస్తారు. 20 డిగ్రీల దగ్గర 1.2 టెస్లా ఎదురు క్షేత్రాన్ని తట్టుకునే సాదా రకం, 100 డిగ్రీల దగ్గర 0.6 టెస్లాకే లొంగిపోతుంది.

ఎదురు క్షేత్రం ఎక్కడినుంచి వస్తుందంటే, మోటార్‌లోని వైండింగ్, అంటే తీగచుట్టే, దాన్ని పుట్టిస్తుంది. బండి వంతెన ఎక్కుతున్నప్పుడు, మోటార్‌కి కరెంటు పంపే కంట్రోలర్ ఆ కరెంటుని పెంచుతుంది. కరెంటుతో తీగచుట్ట కాలుతుంది, ఆ వేడి మాగ్నెట్లకి పాకుతుంది. అదే కరెంటు పుట్టించే క్షేత్రం మాగ్నెట్లకి ఎదురు నిలుస్తుంది. మే నెల మధ్యాహ్నం, ఇద్దరు మనుషులు, ముందు ఒక బస్తా, వంతెన ఎత్తు. పట్టు తగ్గిన సమయానికే ఎదురుదెబ్బ తగులుతుంది. అప్పుడు కొంత బలం పోతుంది. పోయిన మేరకు అదే పనికి ఇంకాస్త ఎక్కువ కరెంటు కావాలి, అంటే ఇంకాస్త వేడి. ఈ జబ్బు మొదలైతే తనను తానే పెంచుకుంటుంది.

మాగ్నెట్ ఆకారం కూడా లెక్కలోకి వస్తుంది. పల్చటి బిళ్ల తన ధ్రువాల మధ్య తానే ఎదురు క్షేత్రం పుట్టించుకుంటుంది కాబట్టి, అదే రకం లోహంతో చేసిన పొడుగు కడ్డీ కంటే తక్కువ వేడికే బలం వదులుతుంది. మోటార్లలో ఖర్చు తగ్గించడానికి వాడేవి పల్చటి బిళ్లలే.

రెండోది తుప్పు, సముద్రగాలి తగిలే కోనసీమలో దీన్నే ముందు అనుమానించాలి. నియోడిమియం లోహం గాలిలో తడి ఉంటే ఆగదు. అందుకే మాగ్నెట్ పైన నికెల్, రాగి, మళ్లీ నికెల్ పూత వేస్తారు, లేదా ఎపాక్సీ పూస్తారు. మూల దగ్గర పూత గోటి ముక్కంత లేచినా ఉప్పుతేమ లోపలికి దిగుతుంది. రేణువుల మధ్య నియోడిమియం ఎక్కువగా ఉండే సన్నటి పొర ఉంటుంది, తుప్పు ముందు దాన్ని తింటుంది. రేణువులు విడిపోతాయి. పైకి నిగనిగలాడే పూత లోపల బూడిదరంగు పొడి మిగులుతుంది. మాగ్నెట్ ఉబ్బి మోటార్‌లో కదలకుండా ఉండే తీగచుట్టల భాగాన్ని, అంటే స్టేటర్‌ని గీరుతుంది, చక్రం తిప్పితే గరగరమంటుంది. 2022 జూలై లాంటి వరద వచ్చి లంక గ్రామాల్లో బండ్లు చక్రం మునిగేదాకా నీళ్లలో నిలబడితే, ఆ మోటార్‌ని వెంటనే విప్పి ఆరబెట్టకపోతే, కొన్ని నెలల తర్వాత కనిపించేది ఇదే. ఇలా పోయిన బలాన్ని ఏ యంత్రమూ తిరిగి తేలేదు. దిక్కు మళ్లీ చూపిద్దామంటే వరసకట్టాల్సిన స్ఫటికాలే అక్కడ మిగలలేదు.

కిందపడితే, సుత్తి దెబ్బ తగిలితే బలం పోతుందన్న నమ్మకం పాత ఉక్కు మాగ్నెట్ల కాలం నాటిది. బడి ల్యాబులో గుర్రపునాడా మాగ్నెట్ కాళ్లకి అడ్డంగా ఇనుప పట్టీ పెట్టి దాచడం కూడా అప్పటి అలవాటే. నియోడిమియానికి ఆ రెండు భయాలూ లేవు. పడితే పగులుతుంది, అంతే.

మాగ్నెట్ మీద నేరం మోపే ముందు అసలు అందులో మాగ్నెట్ ఉందో లేదో చూడాలి. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరియేటర్లకు మామూలుగా వాడేది ఇండక్షన్ మోటార్. దాని రోటర్‌లో, అంటే తిరిగే భాగంలో, అల్యూమినియం కడ్డీలే తప్ప మాగ్నెట్ ముక్క కూడా ఉండదు. అది నీరసపడితే కెపాసిటర్, ఓల్టేజి, బేరింగు చూడాలి. మైకుసెట్ల వాళ్ల పెద్ద స్పీకర్లలో ఎక్కువగా ఉండే నల్లటి రింగు ఫెర్రైట్ అనే ఇంకో రకం మాగ్నెట్. వేడెక్కితే దాని పట్టు పెరుగుతుంది, నియోడిమియానికి సరిగ్గా తలకిందులు. కాబట్టి ఎండలో ఊరేగింపు తిప్పినందుకు దాని మాగ్నెట్ పోదు. శబ్దం తగ్గితే వాయిస్ కాయిల్ చూడాలి, లేదా కిందపడి జిగురు ఊడి రింగు పక్కకి జరిగిందేమో చూడాలి.

స్కూటర్ విషయంలో పరీక్ష సులభం. ముందు బ్యాటరీ బాగుందో లేదో తేల్చుకోవాలి, ఎందుకంటే ఎత్తులో నీరసించడానికి ఎక్కువసార్లు కారణం అదే. లోడు మీద ఓల్టేజి బాగా పడిపోతుంటే మోటార్ విప్పాల్సిన పనే లేదు. బ్యాటరీ బాగుంటే మోటార్ నుంచి వచ్చే మూడు లావు తీగలని కంట్రోలర్ నుంచి విడదీయాలి. మల్టీమీటర్‌ని ఏసీ ఓల్టులో పెట్టి రెండేసి తీగల మధ్య పట్టుకుని, చక్రాన్ని ఒకే వేగంతో తిప్పాలి. మూడు జతలూ సమానంగా చూపించకపోతే తప్పు వైండింగ్‌ది. మూడూ సమానంగా ఉండి, అదే మోడల్ మంచి మోటార్ అదే వేగంలో ఇచ్చేదానికంటే తక్కువగా ఉంటే తప్పు మాగ్నెట్లది. ఆ మంచి మోటార్ 20 ఓల్టులు ఇచ్చే చోట ఇది 18 ఇస్తే మాగ్నెట్లు పదో వంతు బలం పోగొట్టుకున్నట్టు. స్టాండు మీద చక్రం మునుపటికంటే జోరుగా తిరగడానికి కారణం కూడా ఇదే. మాగ్నెట్ బలం తగ్గితే మోటార్ తిరిగి పుట్టించే ఎదురు ఓల్టేజి తగ్గుతుంది, బ్యాటరీ ఓల్టేజిని అందుకోవడానికి చక్రం ఇంకా వేగంగా తిరగాల్సివస్తుంది. జోరు పెరిగి, లాగే సత్తువ తగ్గుతుంది.

ఇప్పుడు అసలు పని. సూదిని మాగ్నెట్‌తో ఒకేవైపు రుద్ది దిక్సూచి చేసిన అనుభవం చిన్నప్పుడు అందరికీ ఉంటుంది. అదే ఉపాయం ఇక్కడ పనికిరాదు. సూది ఉక్కుకి పట్టు చాలా తక్కువ, చిన్న మాగ్నెట్ చాలు. నియోడిమియాన్ని నిండా మాగ్నెట్ చేయాలంటే దాదాపు 3 టెస్లా కావాలి. మంచి నియోడిమియం మాగ్నెట్ ముఖం మీద దొరికేది 0.3 నుంచి 0.5 టెస్లా. రెండు పెద్ద మాగ్నెట్ల మధ్య ఇరికించినా 1.4 టెస్లా దాటదు, ఎందుకంటే ఆ లోహం ఇవ్వగలిగిందే అంత. రాత్రంతా అలా ఉంచినా తేడా రాదు. ఇక్కడ లెక్క కాలానిది కాదు, తీవ్రతది.

వైండింగ్ షాపులో తీగ ఉంది కదా, చుట్టి వెల్డింగ్ మిషన్‌కి తగిలిస్తే సరిపోదా అనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం. 5 సెంటీమీటర్ల పొడవు, 50 చుట్లు ఉన్న కాయిల్‌కి డీసీ వెల్డింగ్ మిషన్ ఇచ్చే 200 ఆంపియర్లు పంపితే లోపల వచ్చేది పావు టెస్లా. 3 టెస్లా రావాలంటే అదే కాయిల్‌కి 2,400 ఆంపియర్లు కావాలి. కాయిల్ పొట్టిది కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే. మధ్యలో ఇనుప కోర్ పెడితే కలిసొస్తుందనుకుంటే, ఇనుము 2 టెస్లా చుట్టూ నిండిపోయి ఆపైన సాయం చేయడం మానేస్తుంది. అన్ని వేల ఆంపియర్లు ఒక్క సెకను నిలిచినా తీగ మిగలదు.

అందుకే మాగ్నెటైజర్ అనే యంత్రం కరెంటుని నిలకడగా ఇవ్వదు, పిడుగులా ఇస్తుంది. లోపల కరెంటుని నింపి దాచుకునే పెద్ద కెపాసిటర్ల వరస ఉంటుంది. 4,000 మైక్రోఫారడ్లని 1,000 ఓల్టులకి నింపితే 2,000 జౌళ్లు. వంద వాట్ల బల్బు ఇరవై సెకన్లు వెలిగినంత శక్తి, అంతకంటే ఏమీ లేదు. కానీ ఆ యంత్రం దాన్ని అయిదు మిల్లీసెకన్లలో వదులుతుంది, అంటే ఆ క్షణంలో సగటున 400 కిలోవాట్లు. 3 టెస్లా క్షేత్రం తన కాయిల్‌ని లోపలినుంచి చదరపు సెంటీమీటరుకి 36 కిలోల ఒత్తిడితో బయటికి తోస్తుంది. లారీ టైరులో గాలికి నాలుగు రెట్ల పైమాటే. అందుకే ఆ కాయిళ్లని రెసిన్‌లో ముంచి, ఫైబర్‌తో బిగించి కడతారు. దెబ్బ మరీ పొట్టిదైతే ఇంకో చిక్కు. నియోడిమియం మాగ్నెట్‌లో కరెంటు పారుతుంది కాబట్టి దాని పైపొరల్లో సుడి కరెంట్లు పుట్టి క్షేత్రాన్ని లోపలికి పోనివ్వవు. లావు మాగ్నెట్‌కి నిదానమైన దెబ్బ కావాలి. ఇంకా ముఖ్యమైనది, కెపాసిటర్ ఖాళీ అయ్యాక కరెంటు వెనక్కి ఊగకూడదు. ఊగిందా, ఇచ్చిన బలాన్ని ఆ రెండో ఊపే తీసేస్తుంది. కరెంటుని ఒకేవైపు పోనిచ్చే డయోడ్, థైరిస్టర్ దాన్ని అడ్డుకుంటాయి.

ఇంట్లో కెపాసిటర్లు పోగుచేసి ఈ పని చేసే వీడియోలు బోలెడు తిరుగుతున్నాయి. 1,000 ఓల్టుల దగ్గర నిండిన ఆ వరసని తాకితే మనిషి బతకడు. స్విచ్ కట్టేసిన తర్వాత కూడా అది నిండుగానే ఉంటుంది. ఈ ప్రయోగం ఇంట్లో వద్దు.

యంత్రం ఉన్న చోటికి తీసుకెళ్లినా స్కూటర్ మోటార్‌కి ఇంకో అడ్డంకి ఉంది. చక్రం రింగు లోపల నలభై పైచిలుకు బిళ్లలు ఉత్తరం, దక్షిణం మార్చి మార్చి అతికించి ఉంటాయి. అలా ఉండగానే బలం ఎక్కించాలంటే సరిగ్గా అన్ని ధ్రువాలకి చుట్టిన ప్రత్యేకమైన కాయిళ్ల చట్రం, ఫిక్చర్ అంటారు, అది కావాలి. వేల మోటార్లు తయారుచేసేవాళ్లకి అది గిట్టుబాటవుతుంది, ఒక్క మోటార్ కోసం చుట్టరు. బిళ్లలని ఊడదీసి ఒక్కొక్కటే చేయించవచ్చు, కానీ సగం విరుగుతాయి. అందువల్ల స్కూటర్‌కి మంచి సలహా ఒక్కటే. అదే కొలతలో కొత్త బిళ్లలు, వీలైతే ఎస్‌హెచ్ రకం, వేయించుకోవడం. సాదా రకమే మళ్లీ వేస్తే వచ్చే వేసవికి మళ్లీ అదే వంతెన దగ్గర ఆగాలి.

మళ్లీ బలం ఎక్కించడం నిజంగా కలిసొచ్చేది రైసుమిల్లులో, రొయ్యల మేత ఫ్యాక్టరీలో. ధాన్యంలో, మేతలో వచ్చే మేకులు, తీగముక్కలు పట్టడానికి స్టీలు గొట్టాల్లో మాగ్నెట్లు పేర్చిన గ్రిల్ ఉంటుంది. గొట్టం చిన్నగా పగిలితే వెల్డర్‌ని పిలిచి అతుకు వేయిస్తారు. ఆ వేడికి అతుకు కింద ఉన్న మాగ్నెట్లు బలం వదిలేస్తాయి. గొట్టం వెంట మేకు జరుపుతూ పోతే సరిగ్గా అతుకు దగ్గర జారిపోతుంది, అటూ ఇటూ గట్టిగా పడుతుంది. లోపల తడి దిగకుండా ఉంటే ఈ ముక్కలు పూర్తిగా బాగుపడతాయి, ఎందుకంటే ఇక్కడ పోయింది వాలు మాత్రమే, స్ఫటికాల వరస కాదు. అయితే గొట్టంలో ఒకే రకం ధ్రువాలు ఎదురెదురుగా పేర్చి ఉంటాయి కాబట్టి, ముక్కలు విప్పి విడివిడిగా చేయించి మళ్లీ పేర్చాలి. పంపే ముందు గొట్టాన్ని శుభ్రంగా తుడిచి చూడటం కూడా అవసరం. ఇనుప రజను, తవుడు, దుమ్ము కలిసి రెండు మూడు మిల్లీమీటర్ల పొర కట్టినా లాగే బలం సగానికి పడిపోయినట్టు కనిపిస్తుంది, మాగ్నెట్ తప్పేమీ లేకుండానే.

ఈ శ్రద్ధ ఎందుకంటే, ఈ మాగ్నెట్లకి కావలసిన లోహాలు దొరకడం కష్టమైపోయింది. 2025 ఏప్రిల్‌లో చైనా సమేరియం, డిస్ప్రోసియం, టెర్బియం లాంటి ఏడు లోహాల మీదా, వాటితో చేసిన మాగ్నెట్ల మీదా ఎగుమతి అనుమతులు పెట్టింది. వేడిని తట్టుకునే ఎస్‌హెచ్ లాంటి రకాలకి వాడేది ఆ డిస్ప్రోసియమే. మరోవైపు ఈ తీరంలోనే ముడి ఖనిజం ఉంది. తూర్పు కనుమల రాళ్లు అరిగి నదులు మోసుకొచ్చిన నల్ల ఇసుకలో మోనజైట్ ఉంటుంది, దాంట్లో నియోడిమియం ఉంటుంది. అంతర్వేది ఒడ్డున ఇసుకలో మాగ్నెట్ దొర్లిస్తే నల్లటి మీసాలు అంటుకుంటాయి. అంటుకునేది మాగ్నటైట్, ఇనుప ఖనిజం. తేనెరంగు మోనజైట్ గింజలు ఆ మాగ్నెట్‌కి లొంగకుండా కింద ఇసుకలోనే ఉండిపోతాయి. మోనజైట్‌లో థోరియం అనే రేడియోధార్మిక లోహం కూడా ఉంటుంది కాబట్టి దాన్ని తీసే పని అణుశక్తి శాఖ అదుపులో ఉంటుంది. విశాఖ దగ్గర కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ కట్టిన సమేరియం-కోబాల్ట్ మాగ్నెట్ల ప్లాంటుని 2023 మే 11న జాతికి అంకితం చేశారు. ఏడాదికి 3,000 కిలోల సామర్థ్యం. రక్షణ, అంతరిక్ష రంగాల అవసరాలకు అది విలువైనదే, కానీ స్కూటర్ల నియోడిమియం అవసరాన్ని అది తీర్చేది కాదు.

మాగ్నెటైజర్ నుంచి తిరిగొచ్చిన ముక్కని నేరుగా మిల్లులో బిగించకూడదు. ముందు స్ప్రింగు కాటాకి ఒక నున్నటి ఇనుప బోల్టు కట్టి, మాగ్నెట్ నుంచి ఊడేదాకా లాగి ఎన్ని కిలోల దగ్గర ఊడిందో రాసుకోవాలి. తర్వాత ఆ ముక్క పనిచేసే చోట ఎంత వేడి ఉంటుందో అంతకంటే ఓ పది డిగ్రీలు ఎక్కువలో గంటసేపు ఉంచి, పూర్తిగా చల్లారనిచ్చి, అదే బోల్టుతో మళ్లీ లాగాలి. రెండు అంకెలూ దగ్గరగా ఉంటే బిగించవచ్చు. రెండోది బాగా తగ్గితే ఆ చోటి వేడికి ఆ రకం మాగ్నెట్ చాలదు, ఇంకా గట్టి రకం కొనాల్సిందే. మొదటి అంకెని గ్రిల్ ఫ్రేము మీద పెయింటుతో రాసి ఉంచితే, ఆరు నెలల తర్వాత అదే బోల్టు, అదే కాటాతో లాగి పోల్చుకోవచ్చు.